బలం డబ్బాలు

ఫిల్మ్‌నగర్‌లో ఈమధ్య ఎవరింటికి వెళ్లినా కాఫీ కంటే ముందు డబ్బాల దర్శనమవుతోంది. భోజనాల బల్ల మీద ఆవకాయ జాడీ, నెయ్యి గిన్నె ఉండాల్సిన చోట తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలు వరుసగా నిలబడి ఉంటాయి. ఒమేగా త్రీ, డీ త్రీ, బీ ట్వెల్వ్, జింకు, మెగ్నీషియం, జుట్టుకి బయోటిన్, చర్మానికి కొల్లాజెన్. ఇంటివాళ్లు అభిమానంగానే అడుగుతారు: “బాబాయ్ గారూ, మీరేం వాడతారు?” బీపీ మాత్ర అంటాను. “అది మందు కదండీ, సప్లిమెంట్స్ ఏం వాడతారని?” పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం తోటకూర పప్పు అని చెబితే, పాపం పెద్దాయన అక్కడే ఆగిపోయాడన్నట్టు జాలిగా చూస్తారు.

నేను ఫీల్డులో ప్రొడక్షన్ బాయ్‌గా ఎక్కి మేనేజర్‌గా దిగినవాణ్ని. ముందు మద్రాసు, తర్వాత పరిశ్రమ వెనకాలే హైదరాబాదు. 1976లో నాగేశ్వరరావు గారు బంజారాహిల్స్ బండరాళ్ల మధ్య అన్నపూర్ణ స్టూడియో తెరిస్తే, ఆ కొండలెక్కి ఎవడు షూటింగు చేస్తాడయ్యా అని కోడంబాక్కంలో వెటకారాలు ఆడినవాళ్లు నాకు తెలుసు. ఆ తర్వాత జూబ్లీహిల్స్‌లో ప్లాటు కోసం తిరిగిందీ వాళ్లే. సరే, ఆ గొడవ వేరు. ప్రొడక్షన్ మేనేజరు ఉద్యోగంలో సగం, యూనిట్‌లో ఎవరు ఏం తింటారో తెలిసి ఉండటం. ఎవరికి ఉల్లిపాయ పడదు, ఎవరికి శనివారం ఒంటిపూట, ఎవరికి పెరుగు పుల్లగా ఉండకూడదు, అన్నీ నోటికి వచ్చేవి. కాబట్టి తిండి గురించి నేను నోరు పారేసుకుంటే కాస్త ఓర్చుకోండి.

మా రోజుల్లో కేరవాన్ లేదు. చెట్టు కింద మడతకుర్చీ, నెత్తిన ఒక గొడుగు. ఎంత పెద్ద హీరోకైనా అంతే. ఎవరికైనా కళ్లు తిరిగితే నిమ్మకాయ నీళ్లలో ఉప్పూ పంచదారా వేసి ఇచ్చేవాళ్లం. ప్రొడక్షన్ పెట్టెలో దూది, డెట్టాలు, అమృతాంజనం, అనాసిన్, ఒక బీకాంప్లెక్స్ అట్ట. నోటిపూత వచ్చినవాడికి ఆ అట్టలోంచి ఒకటి ఇచ్చి, మర్నాడు ఇంకోటి ఇచ్చేవాళ్లం. ఇప్పుడు కుర్ర హీరో కేరవాన్ ఎక్కి చూడండి. సోమవారం నుంచి ఆదివారం దాకా అరలున్న పెట్టె, ఒక్కో అరలో మళ్లీ ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. దాన్ని మోయడానికి, టైముకి అందించడానికి ఒక అసిస్టెంటు. వాడి బత్తా నిర్మాత ఖాతాలో. హీరో అరచేతి నిండా మాత్రలు పోసుకుని గుటుక్కున మింగి, “మేనేజర్ గారూ, లంచ్‌కి రైస్ వద్దండీ” అంటాడు. అన్నం వద్దు, పప్పు వద్దు, పండు వద్దు. వాటిలో ఉన్నవన్నీ మాత్రల్లో కావాలి.

అలాగని మా రోజుల్లో అందరం బుద్ధిమంతులమేం కాదు. కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టులూ లైట్‌బాయ్‌లూ పది పదిహేను రోజులు వరసగా పని దొరికిందంటే, చేతిలో డబ్బు పడగానే ఆర్‌ఎంపీ దగ్గరికి పరిగెత్తేవాళ్లు. “డాక్టరు గారూ, నీరసంగా ఉంది, ఒక బలం సూది పొడవండి.” ఆయన ఎర్రటి బీ ట్వెల్వ్ ఇంజెక్షన్ ఎక్కించేవాడు. ఎర్రగా ఉంటే రక్తం పట్టినట్టే అని వీళ్లకి నమ్మకం. ఇంకాస్త డబ్బుంటే బల్ల మీద పడుకోబెట్టి గ్లూకోజు బాటిల్. ఆ బాటిలే ఇప్పుడు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి రోడ్డు నంబరు 36 వైపు వచ్చి, ఏసీ గదిలో సోఫా పక్కన స్టాండుకి వేలాడుతోంది. నీళ్లకి నిమ్మపండు రంగు వచ్చింది, పేరు ఐవీ డ్రిప్ అయింది, బిల్లు వేలల్లోకి వెళ్లింది. ఆర్‌ఎంపీని నాటువైద్యుడని వెక్కిరించినవాళ్లే దాన్ని వెల్‌నెస్ అని ఫొటోలు పెడుతున్నారు. చర్మం తెల్లబడాలని గ్లూటాథయోన్ ఎక్కించుకునేవాళ్లు మరీనూ. చర్మం రంగు మార్చే సూది మందుగా దానికి అమెరికా ఎఫ్‌డీఏ ఇప్పటిదాకా ఆమోదం ఇవ్వలేదు. నల్లగా ఉన్నవాళ్లు మా కాలంలో హీరోలు కాలేదా, హీరోయిన్లు కాలేదా?

నా అసలు బాధ ఇంకోటి. ఈ విటమిన్ల శాస్త్రంలో కొంత భాగం మన ఇంట్లో పుట్టి, మన ఊళ్లో పెరిగింది. మనవాళ్లకే అది పట్టలేదు.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తీసుకోండి. ఆయన అన్న స్ప్రూ అనే జబ్బుతో పోయాడు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో రక్తం తగ్గిపోయి మనిషి కృశించే జబ్బు అది. ఈయనకూ వస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డాడు. తర్వాత అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూలో రక్తహీనతకు మందు అదే. ఇక్కడిదాకా సినిమా కథలాగే ఉంది. అసలు మలుపు తర్వాత వస్తుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, రక్తానికి ఇంత మంచి చేసే విటమిన్ కదా అని, దాని రూపాలను సుబ్బారావు గారి దగ్గర్నుంచి తెప్పించుకుని రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. క్యాన్సర్ కణం కూడా కణమేగా, అదీ ఆ మేత తిని బలిసింది. అయితే మేత అందకుండా అడ్డుపడే మందు ఇద్దామన్నాడు ఫార్బర్. ఆ మందు అమినోప్టెరిన్‌నూ సుబ్బారావు గారి బృందమే చేసిచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన వ్యాసంలో పదహారు మంది పిల్లల్లో పది మందికి కొంతకాలం పాటైనా జబ్బు వెనక్కి తగ్గింది. దాని తర్వాతిదే ఇవాళ్టికీ వాడుతున్న మెథోట్రెక్సేట్. ఆ 1948 ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు.

విటమిన్ కదా, మంచి చేస్తే చేస్తుంది, లేకపోతే లేదు, చెడు మాత్రం చెయ్యదు అని కేబీఆర్ పార్కులో నడుస్తూ నాకు పాఠాలు చెప్పేవాళ్లందరికీ నేను ఈ భీమవరం ఆయన కథ చెబుతాను. ఎవరికి లోటుందో వాళ్లకది అమృతం. లోటు లేనివాడి ఒంట్లో అది ఏ పని చేస్తుందో ముందుగా చెప్పడం కష్టం.

ఇక తార్నాక. కూనూరులో 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి జబ్బు మీద పరిశోధనకి పెట్టిన చిన్న యూనిట్ పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు చేరింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో మెట్రో ఎక్కితే బండి మారే పని లేకుండా తార్నాకలో దిగొచ్చు. అయినా ఈ కొండ మీద ఉన్నవాళ్లకి న్యూయార్క్ ఇన్‌ఫ్లుయెన్సర్ చెప్పింది తెలుసు కానీ తార్నాక చెప్పింది తెలీదు.

జొన్న సంగతే చూడండి. ఇప్పుడు ఫిల్మ్‌నగర్ హోటళ్లలో జొన్నరొట్టెకి బిర్యానీ ధర. మా తాతలు జొన్న తిని ఉక్కులా ఉండేవారు అనడం నాలాంటివాళ్లకి నోటికొచ్చిన మాట. తార్నాక సంస్థలో గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు 1960లో రాసింది చదివితే అంత తేలిగ్గా అనలేం. జొన్నే ప్రధానంగా తినే ఇక్కడి పేదవాళ్లలో పెల్లాగ్రా కనపడేది. ఎండ తగిలే చోట మెడ మీదా చేతుల మీదా చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, ముదిరితే మతి తప్పడం. నయాసిన్ అనే బీ విటమిన్ లోటు వల్ల వచ్చేది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ దీనికి తోడవుతుందేమోనని వాళ్లు అన్నారు, దాని మీద తర్వాత చాలా వాదనలు నడిచాయి. లూసిన్ సంగతి ఎలా తేలినా, పక్కన పప్పు, పాలు, గుడ్డు లేకుండా ఒకే గింజ మీద బతికినవాడి పళ్లెంలోని లోటే అక్కడ కనిపించింది. ఇప్పటి జొన్నరొట్టె పక్కన పనీరుంది, బాదంపప్పుంది, అందుకని భయం లేదు. తాతల ఉక్కు కథ మాత్రం అందరు తాతలదీ కాదు.

రేచీకటి కూడా అంతే. పొద్దు వాలితే పిల్లలు గోడలు తడుముకుంటూ నడవడం మా ఊళ్లో చూసిందే. విటమిన్ ఏ లోటు అది. పెద్ద మోతాదు ఆరునెలలకోసారి నోట్లో వేస్తే పిల్లల కళ్లు నిలుస్తాయని తార్నాకలో చూపించాక, 1970లో దేశమంతా కార్యక్రమం మొదలైంది. ఒకటి నుంచి అయిదేళ్ల పిల్లలకి రెండు లక్షల యూనిట్లు. మాత్రలని తిడుతున్న నేనే చెబుతున్నా, అది పుణ్యకార్యం. తమాషా ఏంటంటే, దాని వెనక ఉన్న గోపాలన్ గారే, జబ్బు తగ్గిపోయిన తర్వాత కూడా అందరి నోట్లో మందు పోయడం మానండి, ఆకుకూరల మీద దృష్టి పెట్టండి అని పెద్ద వయసులో పోట్లాడారు. తన సినిమానే ఇక ఆడించొద్దన్న నిర్మాతని మీరెప్పుడైనా చూశారా?

ఇక మాత్రల మీద పరీక్షలు. ఇక్కడ మన ఫీల్డు బుద్ధి కొంచెం పనికొస్తుంది. సంక్రాంతికి వచ్చిన సినిమా ఆడితే హీరో వల్ల ఆడిందా, పండగ వల్ల ఆడిందా? హీరోని అడిగితే ఒకటి చెబుతాడు, బయ్యరు ఇంకోటి చెబుతాడు. విటమిన్లు మింగేవాళ్లు ఆరోగ్యంగా ఉన్నారనే వార్తలు చాలావరకు ఇలాంటివే. విటమిన్లు మింగే మనిషే పొద్దున పార్కులో నడుస్తాడు, సిగరెట్టు కాల్చడు, ఏటా ఆసుపత్రిలో చెకప్ చేయించుకుంటాడు, ఇంట్లో ఫ్రిజ్ నిండా పళ్లుంటాయి. ఆరోగ్యం వీటిలో దేనివల్ల వచ్చింది? తేల్చాలంటే జనాన్ని చీటీలేసినట్టు రెండు గుంపులు చెయ్యాలి. ఒక గుంపుకి అసలు మాత్ర, ఇంకో గుంపుకి అలాగే కనపడే ఉత్తి మాత్ర. ఎవరికేది ఇచ్చారో మింగేవాడికీ తెలియకూడదు, ఇచ్చేవాడికీ తెలియకూడదు. మా ఫీల్డులో ఇది అసాధ్యం, ఇక్కడ రహస్యమనేది టీ వచ్చేలోపు యూనిట్ మొత్తానికీ తెలుస్తుంది. డాక్టర్లు మాత్రం ఏళ్ల తరబడి ఓపికగా ఇలాగే చేశారు.

క్యారెట్టు, ఆకుకూరలు తినేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని కనపడింది. అయితే వాటిలోని బీటా కెరోటిన్‌ని మాత్ర చేసి ఇద్దామనుకున్నారు. ఫిన్లాండ్‌లో సిగరెట్లు కాల్చే 29,133 మంది మగవాళ్ల మీద చూస్తే, 1994లో లెక్క తేలింది. మాత్ర మింగినవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో అలాంటి ఇంకో పరీక్షలోనూ క్యాన్సర్లూ చావులూ ఎక్కువ కనపడితే 1996లో మధ్యలోనే ఆపేశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా? క్యారెట్టు తింటే ఇది రాలేదు, అది కూడా గుర్తుపెట్టుకోండి.

విటమిన్ ఈ సంగతి ఇంకోటి. 35,533 మంది మగవాళ్ల మీద ప్రొస్టేట్ క్యాన్సర్ని ఆపుతుందేమోనని చూశారు. ఆపలేదని 2008లో మాత్రలు మానిపించారు. 2011కి చూస్తే ఈ విటమిన్ వాళ్లలోనే 17 శాతం ఎక్కువ తేలింది. ఇక్కడ నేను రెండో వైపు కూడా చెప్పాలి, ఎందుకంటే శాతాలతో భయపెట్టడం మా పబ్లిసిటీ వాళ్లు చేసే పనే. ఏడేళ్లలో వెయ్యి మందిలో ఉత్తి మాత్ర వాళ్లకి 65 మందికి వస్తే, ఈ విటమిన్ వాళ్లకి 76 మందికి వచ్చింది. అంటే వెయ్యికి పదకొండు మంది అదనం. గుండెలు బాదుకోనక్కర్లేదు, అలాగని డబ్బిచ్చి కొనుక్కోవాల్సిన పదకొండూ కాదు. శాతం కనపడగానే ఎంతమందిలో ఎంతమంది అని అడగడం నేర్చుకోండి. పేపర్లో “రికార్డు వసూళ్లు” అని పడితే ఎన్ని థియేటర్లు బాబూ అని అడగమా?

మంచి ఫలితాలు లేవా అంటే ఉన్నాయి. యాభై దాటిన 14,641 మంది అమెరికా మగ డాక్టర్లకి పదేళ్లకు పైగా మల్టీవిటమిన్ ఇస్తే క్యాన్సర్లు 8 శాతం తగ్గాయి, గుండెజబ్బులో మాత్రం తేడా లేదు. డీ విటమిన్ రోజుకి రెండువేల యూనిట్లు 25,871 మంది మీద చూస్తే క్యాన్సర్ రావడంలో గానీ గుండెజబ్బులో గానీ తేడా రాలేదు, ఎముకలు విరగడం కూడా తగ్గలేదని 2022లో చెప్పారు. అయితే వాళ్లలో ఎక్కువమందికి ముందే డీ సరిపడా ఉంది. నిజంగా అడుగంటినవాడికి ఈ లెక్క చెల్లదు. మనదగ్గర అలాంటివాళ్లు ఉన్నారు కూడా. తిరుపతి స్విమ్స్ డాక్టర్లు చూస్తే ఎండలో పొలం పని చేసేవాళ్లలోనే చాలామందికి డీ తక్కువ, పట్నంవాళ్లలో ఇంకా ఎక్కువమందికి తక్కువ. ఇక ఏసీ కారులోంచి ఏసీ ఫ్లోర్‌లోకి దిగే మన హీరోయిన్ల సంగతి చెప్పాలా?

సీ విటమిన్ జలుబుని ఆపుతుందని రెండు నోబెల్ బహుమతులు తెచ్చుకున్న లైనస్ పాలింగ్ 1970లో ఒక పుస్తకమే రాశాడు. రోజూ వేసుకున్నా మామూలు మనిషికి జలుబు రావడం తగ్గదు, వచ్చిన జలుబు పెద్దవాళ్లలో ఒక ఎనిమిది శాతం ముందు పోతుంది అంతే. కరోనా వచ్చినప్పుడు సీ, జింకు మాత్రలు చెక్‌పోస్టు దగ్గర దొరక్క సికింద్రాబాదు దాకా వెతికారు. పెద్ద మోతాదులో ఇచ్చినా లక్షణాలు త్వరగా తగ్గినట్టు ఏమీ కనపడలేదని 2021లో తేలింది. ఒంటికి అక్కర్లేని సీ, చాలా బీలు ఒంట్లోంచి పచ్చగా బయటికి పోతాయి. వేలు పోసి కొన్నది మూసీలో కలుస్తోందన్నమాట. ఏ, డీలు అలా పోవు, కాలేయంలో, కొవ్వులో పేరుకుంటాయి. డీ అరవైవేల యూనిట్ల పొట్లం వారానికొకటి అని డాక్టరు రాస్తే, రోజుకొకటి వేసుకుని రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతిన్న రోగుల గురించి మన దేశపు వైద్య పత్రికల్లోనే చాలాసార్లు వచ్చింది.

మా మనవడిదీ చెప్పాలి. వాడు హీరో అవుతానని జిమ్ములో ఉంటున్నాడు. జుట్టు ఒత్తుగా రావాలని ఒక డబ్బా తెచ్చాడు. భూతద్దం పెట్టి లేబుల్ చదివాను. బయోటిన్ 10,000 మైక్రోగ్రాములు. మనిషికి రోజుకి కావాల్సింది 30, 40 మైక్రోగ్రాములు. కింద ఇంకా చిన్న అక్షరాల్లో ఔషధంగా వాడటానికి కాదు అని ఉంది. మన చట్టం ప్రకారం రాయాలి కాబట్టి రాశారు. “ఇది ఫుడ్డే తాతయ్యా, మందు కాదు” అన్నాడు. అదేరా నేనూ అంటున్నది, మందైతే పనిచేస్తుందని రుజువు చూపాలి, ఇలా ఆహారం లెక్కన అమ్మేదానికి అంత నిరూపణ అక్కర్లేదు అన్నాను. కొన్నాళ్లకి వాడి థైరాయిడ్ రిపోర్టు తేడాగా వచ్చి ఇల్లంతా కంగారు. డాక్టరు ముందు అడిగిన మాట, బయోటిన్ ఏమైనా వాడుతున్నావా అని. మాన్పించి మళ్లీ తీయిస్తే అంతా సవ్యంగా ఉంది. పెద్ద మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షల్ని తప్పుదారి పట్టిస్తుందనీ, గుండెపోటు తేల్చే పరీక్షని కూడా తక్కువ చూపించగలదనీ అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. జుట్టంటారా, మా నాన్నకీ లేదు, మా అబ్బాయికీ లేదు.

ఎవరు వేసుకోవాలో వాళ్లు వేసుకోవాల్సిందే. పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలు గర్భం రాకముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వేసుకోవాలి. అప్పటికే వెన్నుపాము లోపంతో ఒక బిడ్డ పుట్టిన తల్లుల మీద 1991లో బ్రిటన్ వాళ్లు పెద్ద మోతాదుతో చేసిన పరీక్షలో, తర్వాతి బిడ్డల్లో ఆ లోపాలు 72 శాతం తగ్గాయి. సుబ్బారావు గారి విటమిన్ అంటే అదీ. మాంసం ముట్టనివాళ్లు, షుగరుకి ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు బీ ట్వెల్వ్ పరీక్ష చేయించుకోవాలి, మొక్కల్లో అది దొరకదు. డీ పరీక్షలో తక్కువొస్తే డాక్టరు రాసినంతే, రాసినన్నాళ్లే.

మిగతా డబ్బాల గురించి నిర్మాత బాబులకి ఒక విన్నపం. హీరో గారి మాత్రల బిల్లు ప్రొడక్షన్ ఖాతాలో వేస్తే సంతకం పెట్టకండి. ఆ డబ్బుతో కృష్ణానగర్ నుంచి తెల్లారకుండా వచ్చే జూనియర్ ఆర్టిస్టుల భోజనంలో రోజూ ఒక ఆకుకూర పప్పు, ఒక ఉడికించిన గుడ్డు, గ్లాసుడు మజ్జిగ పెట్టించండి. లోటన్నది నిజంగా ఉంటే అక్కడుంది.